థండర్ బేలో ఎర్ర చొక్కాలు

మా అక్కకు నాలుగేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. కీమో రెండో విడతకే జుట్టంతా ఊడిపోతే, తిరుపతిలో తలనీలాలు ఇచ్చానని చుట్టాలందరికీ చెప్పింది. నెలలు గడిచినా జుట్టు రాకపోయేసరికి, పాత మొక్కు ఇంకొకటి మిగిలిపోతే మళ్లీ ఇచ్చి వచ్చానంది. అప్పుడు వాళ్లమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. "తల్లికి వచ్చిందంటే పిల్లకూ వస్తుందంటారే. నీ నోట్లోంచి ఒక్క మాట బయటికి రాకూడదు" అని నా చేత ఒట్టు వేయించుకుంది. అమ్మాయి పెళ్లయింది, మనవడు పుట్టాడు, అక్క జుట్టు మళ్లీ మెడ దాకా పెరిగింది. ఒట్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

నేను పరుగు మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే. విజయవాడలో ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్ని. రాత్రి ఆసుపత్రిలో అక్కకు తోడుగా పడుకుని, తెల్లవారుజామున బావగారు వచ్చాక నేరుగా ఇంటికి వెళ్లబుద్ధి కాక ప్రకాశం బ్యారేజీ మీద నడిచేదాన్ని. ఒకరోజు ఆ నడకే పరుగైంది. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. వెళ్లి వస్తే రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువ. మొదట్లో వెళ్లేటప్పుడు పరుగు, వచ్చేటప్పుడు నడక. ఏడాది తిరిగేసరికి ఆగకుండా నాలుగుసార్లు వెళ్లిరాగలిగాను. కృష్ణ మీద గాలి, కొండ మీద అమ్మవారి గుడి దీపాలు, అవతల సీతానగరం. అదే నా జిమ్.

తర్వాత చారిటీ పరుగులు. అక్టోబర్ వస్తే గులాబీ రంగు టీషర్టులతో క్యాన్సర్ అవగాహన పరుగు, ఇంకోసారి రక్తదానం కోసం, మరోసారి అనాథ పిల్లల చదువు కోసం. ఎంట్రీ ఫీజు కట్టి ముందు రోజు వెళ్లి బిబ్, అంటే ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం, తెచ్చుకోవడం, తెల్లారి ఐదింటికల్లా స్పీకర్లలో పాటలు, జుంబా, ముఖ్య అతిథి కోసం ఎదురుచూపులు, చివర్లో మెడలో మెడల్, చేతిలో అరటిపండు, వేడి ఉప్మా పొట్లం. వాటి వల్లే నాలాంటి వాళ్లం నడిరోడ్డు మీద భయం లేకుండా పరిగెత్తగలిగాం. కానీ ఒకటి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఒక పరుగు అయ్యాక, మనం కట్టిన డబ్బులో రోగులకు ఎంత చేరిందని నిర్వాహకులను అడిగాను. "ఫైనల్ చేస్తున్నాం మేడమ్" అన్నారు. మూడుసార్లు అడిగినా అంకె రాలేదు. టీషర్టు, మెడల్, స్టేజీ, ఫ్లెక్సీలు కలిపితే ఫీజులో ఎంత మిగులుతుందో లెక్కల టీచర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటినుంచి పేరు ఇచ్చే ముందే ఆ ప్రశ్న అడుగుతున్నాను.

మా అమ్మాయి కెనడాలోని థండర్ బేలో లేక్‌హెడ్ యూనివర్సిటీలో చదువుతోంది. పోయిన సెప్టెంబర్‌లో దాన్ని చూడ్డానికి వెళ్లాను. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా టొరంటో, అక్కణ్నుంచి మళ్లీ గంటా ముప్పావు చిన్న విమానం. టొరంటో నుంచి రోడ్డున వెళ్తే 1,400 కిలోమీటర్లట. ఆవకాయ, కందిపొడి, సున్నుండలతోపాటు పరుగు బూట్లు కూడా సూట్‌కేసులో పెట్టుకున్నాను. ముందే అమ్మాయి ఫోన్లో చెప్పింది: "అమ్మా, నువ్వు వచ్చిన ఆదివారమే ఇక్కడ టెర్రీ ఫాక్స్ రన్ ఉంది. క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేసే పరుగు. నీ పేరు కూడా ఇచ్చేశాను." ఫీజెంత కట్టావంటే, ఫీజు లేదంది. ఎంతసేపట్లో పరిగెత్తామో లెక్కపెట్టే టైమింగ్ చిప్ ఇస్తారా అంటే అదీ లేదంది. మెడల్? లేదు. మరి డబ్బులు ఎలా వస్తాయే అన్నాను. "ఇవ్వాలనుకున్నవాళ్లు ఇస్తారమ్మా. ఎవరి ఇష్టం వాళ్లది."

శనివారం మధ్యాహ్నం అమ్మాయి, దాని రూమ్మేట్లు ఇద్దరు (ఒకతె గుంటూరు పిల్ల, ఒకతె కరీంనగర్ పిల్ల) కారులో నన్ను ఊరి బయటికి తీసుకెళ్లారు. ట్రాన్స్ కెనడా హైవే పక్కన గుట్ట మీద టెర్రీ ఫాక్స్ విగ్రహం ఉంది. కింద చెట్ల మీదుగా చూస్తే సుపీరియర్ సరస్సు. సరస్సు అన్నారు గానీ అవతలి ఒడ్డు కనపడదు. ఉపరితలం 82,000 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో అంత వైశాల్యమున్న మంచినీటి సరస్సు మరొకటి లేదు. నీళ్లలోకి పొడుచుకొచ్చిన కొండ ఒకటి, మనిషి వెల్లకిలా పడుకుని గుండెల మీద చేతులు కట్టుకున్నట్టే ఉంటుంది. నిద్రపోయే రాక్షసుడు అని దానికి పేరు. బర్చ్ చెట్ల ఆకులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి.

విగ్రహం తొమ్మిది అడుగుల కంచు విగ్రహం. రాతి దిమ్మ కింద పునాదిలో ఆ ప్రాంతంలోనే దొరికే ఊదా రంగు అమెథిస్ట్ రాళ్లు. చెయ్యి పెట్టి చూశాను, ఎండలోనూ చల్లగా ఉన్నాయి. ఉంగరాల జుట్టు, నిక్కరు, ఎడమ కాలికి మామూలు బూటు. కుడి కాలు తొడ మధ్యలో ఆగిపోయి, కింద కృత్రిమ కాలు. నా చూపు ఆ కాలి మీదే ఆగిపోయింది.

పిల్లలు చెప్పింది కొంత, నేను చదువుకున్నది కొంత కలిపి రాస్తున్నాను. టెర్రీ ఫాక్స్ పుట్టింది 1958లో. 1977లో, పద్దెనిమిదేళ్ల వయసులో ఎముక క్యాన్సర్ వచ్చి కుడి కాలు మోకాలి పైన తీసేశారు. కొత్త మందుల వల్ల బతికే అవకాశం యాభై శాతం ఉందనీ, రెండేళ్ల ముందైతే పదిహేను శాతమేననీ అప్పుడు చెప్పారట. ఆ తేడా ఎవరో ఇచ్చిన డబ్బుతో జరిగిన పరిశోధన వల్ల వచ్చిందని ఆ కుర్రవాడు పట్టుకున్నాడు. కీమో వార్డులో తన పక్క మంచాల మీది పిల్లలను మర్చిపోలేకపోయాడు. 1980 ఏప్రిల్ 12న తూర్పు తీరంలో సెయింట్ జాన్స్ దగ్గర అట్లాంటిక్ నీళ్లలో కృత్రిమ కాలు ముంచి, దేశం ఆ చివర ఉన్న పసిఫిక్ దాకా పరిగెడతానని బయలుదేరాడు. స్నేహితుడు వ్యాను నడిపేవాడు, కొన్నాళ్లకు తమ్ముడు కూడా వచ్చి కలిశాడు. కెనడాలో ఒక్కొక్క మనిషి ఒక్కొక్క డాలర్ ఇవ్వాలన్నది ఆయన కోరిక.

143 రోజులు, 5,373 కిలోమీటర్లు. అక్కడే నిలబడి లెక్కవేశాను. సగటున రోజుకు 37 కిలోమీటర్ల పైనే. మనకు చెప్పాలంటే విజయవాడ నుంచి హైదరాబాద్‌కు దాదాపు పదిసార్లు వెళ్లొచ్చినంత. రెండు మంచి కాళ్లతో పది కిలోమీటర్లు పరిగెత్తితేనే ఆ సాయంత్రం మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటాను నేను. ఇప్పుడు కాలు లేని క్రీడాకారులు తొడుక్కునే పరుగు బ్లేడ్ల లాంటివి ఆయనకు లేవు. ఆ కాలు ముందుకు వచ్చి కుదురుకునే లోపు మంచి కాలి మీద రెండుసార్లు గెంతాలి. మొండి కాలు ఒరుసుకుపోయి రక్తం కారేది. సెప్టెంబర్ 1న, ఈ ఊరి దగ్గరికి వచ్చేసరికి దగ్గు, గుండెల్లో నొప్పి. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. పరుగు అక్కడితో ఆగిపోయింది. 1981 జూన్ 28న, ఇరవై మూడో పుట్టినరోజుకు నెల ముందు చనిపోయాడు. కానీ అంతకు ముందే, ఆ ఫిబ్రవరికల్లా చందాలు 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి. అప్పటి కెనడా జనాభా కూడా అంతే. మనిషికో డాలర్ వచ్చింది, అది ఆయన కళ్లారా చూశాడు. ఈ ఒక్క వాక్యం కోసమైనా ఆ గుట్ట ఎక్కాలి.

ఆదివారం పొద్దున ఏడు డిగ్రీలు. విజయవాడ వేసవిని తట్టుకున్న ఒళ్లు ఆ చలికి బిగుసుకుపోయింది. అమ్మాయి చేతి తొడుగులు ఇచ్చింది, చెవులకు చున్నీ చుట్టుకున్నాను. ఊరి పార్కులో నాలుగు బల్లలు వేశారు, అంతే. స్టేజీ లేదు, అతిథులు లేరు. ఒక బల్ల మీద చందా పెట్టె, ఒక బల్ల మీద కాఫీ, గులాబీ రంగు క్రీమ్ రాసిన పర్షియన్ అనే తీపి బన్నులు. అవి ఈ ఊరి ప్రత్యేకమట. ముసలివాళ్లు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, కుక్కలు, చక్రాల కుర్చీలో ఒకాయన. ఒకటి, ఐదు, పది కిలోమీటర్లు, ఎంత కావాలంటే అంత. పరిగెత్తొచ్చు, నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు.

జనం మధ్యలో కొందరు ఎర్ర చొక్కాలు వేసుకుని ఉన్నారు. వాలంటీర్లేమో అనుకున్నాను. "కాదమ్మా, వాళ్లు క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు" అంది అమ్మాయి. నాకు వెంటనే మాట రాలేదు. మళ్లీ చూశాను. పాతికేళ్ల కుర్రాడు, నా వయసు ఆవిడ ఒకరు, ఒక తాతగారు. వాళ్లను ఎవరూ జాలిగా చూడట్లేదు. చిన్నపిల్లలు వెళ్లి చేతులు కలుపుతున్నారు. మా అక్క గుండు కనపడకుండా తల చుట్టూ కొంగు కప్పుకుని పెళ్లిచూపులకు కాఫీలు అందించిన రోజు గుర్తొచ్చింది.

చందా బల్ల దగ్గర ఒక కాగితం ఇచ్చారు. ఎవరి కోసం పరిగెడుతున్నారో పేరు రాసి ఛాతీకి పెట్టుకోవాలి. కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెనక వరుస పెరిగింది. చివరికి తెలుగులో "మా అక్క" అని రాశాను. పేరు రాయలేదు, పైగా అది చదవగలిగినవాళ్లు అక్కడ మా పిల్లలు ముగ్గురే. ఒట్టు తప్పలేదు.

మొదటి ఐదు కిలోమీటర్ల చుట్టు అలవాటు ప్రకారం గట్టిగానే పరిగెత్తాను. చల్లగాలికి గొంతు మండింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, రెండో కిలోమీటరు దాటాక గానీ ఒంట్లో వేడి పుట్టలేదు. ముప్పై నాలుగు నిమిషాలు. బ్యారేజీ మీద ఎన్నడూ రాని టైమ్ అది. అలాగే రెండో చుట్టు కూడా లాగేస్తే నా పది కిలోమీటర్ల రికార్డు పోయేదే. కానీ మలుపు దగ్గర ఎర్ర చొక్కా ఆవిడ ఒంటరిగా నడుస్తూ, నా గుండెల మీది కాగితం చూపించి ఏ భాషని అడిగింది. ఆగాను. తెలుగు అన్నాను. ఏం రాశావంది.

"మా అక్క. రొమ్ము క్యాన్సర్. బాగుంది, బతికే ఉంది."

నాలుగేళ్లలో ఇంటి బయట మనిషికి నేను ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఇంగ్లీషులో చెప్పడం వల్ల కాస్త తేలికైందేమో తెలియదు. ఆవిడ తన చొక్కా మీద ఎడమ వైపు చెయ్యి పెట్టుకుని, నాకూ అదే అంది. పన్నెండేళ్లయిందట. మిగతా చుట్టంతా కలిసి నడిచాం. టెర్రీ ఈ దారిన వచ్చిన నాడు ఆవిడకు పన్నెండేళ్ల వయసు, హైవే పక్కన నాన్న భుజం పట్టుకుని టెర్రీ కోసం ఎదురుచూసిందట. మనిషి కంటే ముందు చప్పుడు వినపడిందని, తన బూటుతో రోడ్డు మీద కొట్టి చూపించింది. రెండు దగ్గర దగ్గరగా, ఒకటి ఆగి. టక్‌టక్... టక్. టక్‌టక్... టక్. "మీ అక్క పరిగెడుతుందా?" అని అడిగింది. లేదు, ఆపరేషన్ అయ్యాక ఎడమ చెయ్యి వాస్తుంది, అది కనపడకుండా పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకుంటుందని చెప్పాను. ఆవిడ తన చేతికి వేసుకున్న బిగుతు తొడుగు పైకి లాగి చూపించింది. ఇది వేసుకోమను, సిగ్గుపడొద్దని చెప్పు అంది.

ఇక్కడ గెలిచినవాళ్ల పేర్లు చదవరు. చివరివాళ్లు వచ్చేదాకా అందరూ ఉన్నారు, వచ్చాక పెట్టెలో ఎంత పడిందో అక్కడే చెప్పి చప్పట్లు కొట్టారు. మా ఊళ్లోనూ ఇలా చెయ్యొచ్చు. మెడల్ బదులు ఆ అంకె చేతిలో పెడితే, ఆ కాగితాన్ని నేను ఫ్రేము కట్టించుకుంటాను.

మధ్యాహ్నం పన్నెండయింది, అంటే అక్కడ రాత్రి తొమ్మిదిన్నర. అక్కకు వీడియో కాల్ చేశాను. మనవణ్ని జోకొడుతూ ఎత్తింది. పార్కంతా చూపించాను. "ఆ ఎర్ర చొక్కాల వాళ్లెవరే? పార్టీ వాళ్లా?" అంది. చెప్పాను. అక్క మాట్లాడలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి కిందికి జారినట్టుంది, కాసేపు ఫ్యాను మాత్రమే కనపడింది.

"అందరూ చూస్తుండగా వేసుకున్నారా?"

"అందరూ చూస్తుండగానే."

"నువ్వేం రాసుకున్నావు దాని మీద?"

కాగితం కెమెరా దగ్గరికి తెచ్చాను. చదివింది. తిడుతుందేమో అనుకున్నాను.

"పేరు రాయలేదేం?"

"ఒట్టు వేశాను కదక్కా."

"పిల్ల పెళ్లయి మూడేళ్లయింది. ఇంకా ఎన్నాళ్లే" అంది. తర్వాత గొంతు తగ్గించి, బాబు నిద్రపోయాడన్నట్టు సైగ చేసి, పక్క గదిలోకి నడుచుకుంటూ వెళ్లింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"నాకు వచ్చిందని చెప్తే ఇస్తారా అది? ఇస్తే ఒకటి అడిగి తీసుకురా. ఎల్ సైజు. చేతులు వదులుగా ఉండేది చూడు, ఎడమ చెయ్యి ఇంకా వాస్తూనే ఉంది."