కోటగోడల నడక, మూడవ ఊరు: నోర్డ్‌లింగెన్

రోథెన్‌బుర్గ్, డింకెల్స్‌బ్యూల్ తరువాత నా పట్టికలో మూడవదైన నోర్డ్‌లింగెన్ కోటగోడను మే నెలలో ఒక శనివారం చుట్టి వచ్చాను. జర్మనీలోని బవేరియా రాష్ట్రంలో ఉన్న ఈ చిన్న ఊరి గోడ పొడవు సుమారు 2.7 కిలోమీటర్లే అయినా, పెంకుల కప్పు ఉన్న నడవ మీద ఊరంతా తిరిగి బయలుదేరిన చోటికే చేరుకోగలగడం దీని ప్రత్యేకత. రోథెన్‌బుర్గ్‌లో గోడ మీద చాలా దూరం నడవవచ్చు గాని చుట్టు పూర్తి కాదు. డింకెల్స్‌బ్యూల్ గోడ చక్కగా నిలిచి ఉన్నా, దానిని ఎక్కువగా కింది బాటల నుంచే చూసుకోవాలి. అంగలు లెక్కపెట్టుకుంటూ, దిక్సూచి చూసుకుంటూ ప్రతి గోడకూ చేతితో పటం గీయడమే నా అభ్యాసం కనుక, పూర్తి వలయం దొరికిన ఈ ఊరి కోసం చాలా రోజులుగా ఎదురుచూశాను.

మ్యూనిక్ నుంచి ప్రాంతీయ రైలులో డోనావోర్త్ వరకు వెళ్ళి, అక్కడ బండి మారాను. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా ప్రాంతీయ రైళ్ళలో చెల్లే నెలవారీ పాస్) ఉన్నవారు ఈ ప్రయాణానికి వేరే టికెట్ కొననవసరం లేదు. స్టేషన్ ఊరికి తూర్పున ఉంది కనుక డైనింగర్ ద్వారం దగ్గర మొదలుపెట్టి, దక్షిణాన రైమ్లింగర్, పడమర బెర్గర్, ఉత్తరాన బాల్డింగర్, ఈశాన్యాన లోప్సింగర్ ద్వారాల మీదుగా తిరిగాను. గోడ ఎక్కడానికి రుసుము లేదు. చినుకులు పడుతున్నా కప్పు కింద కాగితం తడవలేదు. చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, కొన్నిచోట్ల దూలాలు తలకు తగిలేంత కిందికి ఉంటాయి కాబట్టి వీపు సంచీ చిన్నదైతే మంచిది.

కాపలావాళ్ళు బయటి శత్రువు మీద గురిపెట్టడానికి గోడలో వదిలిన కంతల దగ్గర నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సమయం గడిపాను. ఒక్కొక్క కంత లోపలివైపు వెడల్పుగా మొదలై బయటికి పోయేకొద్దీ సన్నబడుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని ఒకదానిలోంచి చూస్తే పచ్చిక పెరిగిన అగడ్తలో చిన్న ముక్క మాత్రమే కనిపించింది. పక్క కంతకు జరిగితే మొదటి దానికి అందని చోటు కనిపించింది. విడివిడిగా గుడ్డివైన ఈ కళ్ళన్నీ కలిసి బయటి నేలను ఎలా పంచుకున్నాయో ఆ నాలుగైదు కంతల దగ్గర కూర్చున్నాకే నాకు బోధపడింది. వెనక్కి తిరిగితే గోడను ఆనుకుని కట్టిన చిన్న ఇళ్ళు, ఒక పెరటిలో ఆరవేసిన దుప్పట్లు. గోడకు అటు కాపలా, ఇటు సంసారం.

ఈ వలయాన్ని 1327లో చక్రవర్తి బవేరియా లూడ్విగ్ ఆజ్ఞతో కట్టడం మొదలుపెట్టారు. అంతకుముందున్న చిన్న గోడ పోయింది గాని, దాని జాడ ఊరి నడుమ గుండ్రంగా తిరిగే వీధుల రూపంలో మిగిలి ఉంది. అది కళ్ళారా చూడాలంటే సెయింట్ జార్జ్ చర్చి గోపురమైన డానియెల్ ఎక్కాలి: 350 మెట్లు, దాదాపు 90 మీటర్లు, దీనికి టికెట్ ఉంది. ఎక్కే ముందు గోపురం మొదట్లోని రాతిని దగ్గరగా చూడండి. దాదాపు కోటిన్నర సంవత్సరాల క్రితం అంతరిక్ష శిల ఢీకొని ఏర్పడిన, సుమారు 25 కిలోమీటర్ల వెడల్పున్న గుంటలో ఈ ఊరు ఉంది. ఆ తాకిడికి పుట్టిన స్యూవైట్ అనే బూడిదరంగు రాతితోనే చర్చిని కట్టారు. అందులో అతుక్కుపోయిన నల్లని గాజు ముక్కలు వేలికి తగులుతాయి.

మధ్యాహ్నం అదే చుట్టును గోడ బయట నుంచి తిరిగాను. ఈ రెండవ నడకను ఎవరూ వదులుకోకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే పైన ఉన్నప్పుడు పక్కనుంచి దాటిపోయిన బురుజులు కింద నుంచి చూస్తే ముందుకు పొడుచుకుని వచ్చి, గోడ పాదాన్ని రెండువైపుల నుంచీ కాస్తున్నట్టు స్పష్టంగా తెలుస్తాయి. లోప్సింగర్ ద్వారం దగ్గర 1440 నాటి కథ ఒకటి చెబుతారు: కాపలావాళ్ళు శత్రువు దగ్గర లంచం తీసుకుని తలుపుకు గడియ వేయకుండా వదిలేస్తే, ఒక పంది ఒళ్ళు రుద్దుకోవడంతో తలుపు కదిలి, అది చూసిన ఒక స్త్రీ ఊరిని మేల్కొలిపిందట. డానియెల్ మీది కావలివాడు రాత్రి పది నుంచి పన్నెండు వరకు అరగంటకొకసారి వేసే ‘జో, గ్జెల్, జో’ (ఇంచుమించు ‘అలాగా, నేస్తమా, అలాగా’) అనే కేకకు ఈ కథనే మూలంగా చెప్పుకుంటారు. అది వినడానికే ఆ రాత్రి అక్కడ గది తీసుకున్నాను. పదిన్నరకు చౌకులో నిలబడితే, పైనుంచి పొడుగ్గా సాగదీసిన ఆ పిలుపు స్పష్టంగా వినిపించింది.

ఇక పటం సంగతి. నా అంగ 70 సెంటీమీటర్లు. మొత్తం 3,910 అంగలు వచ్చాయి, అంటే 2,737 మీటర్లు. పొడవు వరకు లెక్క బాగానే కుదిరింది. కానీ సెంటీమీటరుకు 40 మీటర్ల చొప్పున ఏ3 కాగితం మీద గీస్తే, మొదలూ చివరా కలవక ఒకటిన్నర సెంటీమీటర్ల ఎడం మిగిలింది. బురుజుల లోపలి మలుపుల దగ్గర దిక్సూచి చూడకుండా వచ్చేయడమే కారణమని నా కొలతల పుస్తకం చూస్తే తెలిసింది. బెర్గర్, బాల్డింగర్ ద్వారాల నడుమ ఏకంగా మూడు మలుపులకు కొలత లేదు. అక్టోబరులో ఆ ఒక్క భాగాన్నీ మళ్ళీ నడిచి, ప్రతి మలుపు దగ్గరా ఆగి కొలత రాసుకున్నాకే పటానికి సిరా పూస్తాను.