అమెరికాలో ఇండియా ఓటీటీ: వీపీఎన్ కొనేముందు ఇంట్లో ఒక పెట్టె పెట్టి చూడండి

ఇండియాలో ఉన్నవాళ్లకే చూపించే ఓటీటీలను అమెరికాలో చూడాలని చాలామంది వీపీఎన్ కొంటారు. మీ నెట్ వేరే దేశం నుంచి వస్తున్నట్టు చూపే సేవ అది. కానీ ఆ యాప్‌లో 'ఇండియా' నొక్కినంత మాత్రాన మీ కనెక్షన్ ఇండియా దాకా వెళ్తోందని అనుకోకండి. వాడేవాళ్ల పేర్లు, ఐపీ అడ్రసులు (నెట్‌లో ఒక కనెక్షన్‌కి ఉండే నంబరు చిరునామా) అయిదేళ్లపాటు దాచాలని 2022 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. అది కుదరదన్న ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ ఇండియాలో సర్వర్లు ఎత్తేశాయి. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ సంగతే తీసుకుంటే, అప్పట్నుంచి ఐపీ ఇండియాది, మెషీన్ మాత్రం సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో ఉంటోంది. పైగా ఒకే ఐపీని ఎంతోమంది పంచుకుంటారు కాబట్టి ఓటీటీ వాళ్లు ఇట్టే పసిగడతారు. నిన్న ఆడిన సర్వర్ ఇవాళ మొరాయించేది అందుకే.

ఊళ్లో అమ్మానాన్నల బ్రాడ్‌బ్యాండ్‌కి ఆ గొడవ లేదు. అది మామూలు ఇంటి ఐపీ. అక్కడ రూటర్ పక్కన రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతంత కంప్యూటర్ పెట్టి, మీ పరికరాలన్నిటినీ ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ వేసి, దాన్ని ఎగ్జిట్ నోడ్ (మీ నెట్ అంతా బయటికి వెళ్లే ద్వారం) చేస్తే చాలు. సొంత వాడకానికి ఉచిత ప్లాన్ సరిపోతుంది. ఆ పెట్టెను వైఫైతో కాకుండా కేబుల్‌తోనే రూటర్‌కి కలపండి. అందులో నడిచే లైనక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్ (మీ డేటాను బయటి నెట్‌కి దాటించే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఇది మరిచిపోతే కనెక్ట్ అయినట్టే ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. తర్వాత టెయిల్‌స్కేల్ అడ్మిన్ పేజీలో ఎగ్జిట్ నోడ్‌కి అనుమతి ఇచ్చి, అక్కడే 'కీ ఎక్స్‌పైరీ' (లాగిన్ గడువు) ఆపేయండి. ఆపకపోతే మామూలుగా 180 రోజులకు అది లాగౌట్ అయిపోతుంది. అప్పుడు ఫోన్లో నాన్నగారి చేత కమాండ్లు కొట్టించడం ఎవరి వల్లా కాదు!

ఇంటి అప్‌లోడ్ వేగమే ఇక్కడ మీ డౌన్‌లోడ్. హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ కావాలి కాబట్టి అప్‌లోడ్ 10 ఉంటే నిశ్చింత. ఫైబర్ అయితే సరే, పాత కేబుల్ నెట్‌తో కష్టం. వేగం ఉన్నా బొమ్మ తిరుగుతూనే ఉంటే టెయిల్‌స్కేల్ స్టేటస్ చూడండి. 'రిలే' అని ఉందంటే డేటా నేరుగా కాకుండా మధ్యలో వాళ్ల సర్వర్ మీదుగా వస్తోందని అర్థం. అక్కడ చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని బోలెడు ఇళ్లకు పంచుతాయి కాబట్టి, రూటర్‌లో నేరుగా దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్ అలాంటిచోట పనిచేయదు. రెండువైపులా ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ అడ్రసు) ఆన్ చేస్తే చాలాసార్లు 'డైరెక్ట్' అవుతుంది. కరెంటు పోయి వస్తుంటే పెట్టెలోని ఎస్‌డీ (మెమొరీ) కార్డు పాడవ్వచ్చు. రూటర్‌తో పాటు ఆ పెట్టెను కూడా ఇన్వర్టర్ లైన్ మీద పెట్టించండి.

ఆండ్రాయిడ్ టీవీకి టెయిల్‌స్కేల్ యాప్ ఉంది. శాంసంగ్, ఎల్‌జీ టీవీలకు లేదు, వాటికి ఆండ్రాయిడ్ స్టిక్ తగిలించుకోవడమే. ఫోన్లో చూస్తే ఆ ఓటీటీ యాప్‌కి లొకేషన్ పర్మిషన్ తీసేయండి. ఐపీ విజయవాడ అంటుంటే జీపీఎస్ డాలస్ అని చెప్పేస్తుంది.

చాలా ఓటీటీల షరతులు దీన్ని ఒప్పుకోవు, అకౌంట్ ఆపేసే హక్కు వాళ్లకుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్త. యూఏఈలో ఐపీ దాచి నేరం చేశారని తేలితే జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి 20 లక్షల దాకా.

చందా ఇండియా కార్డుతోనో యూపీఐతోనో ఏడాదికి ఒకేసారి కట్టేయండి. అకౌంట్ ఇంట్లోవాళ్ల నంబరు మీద తెరిస్తే ఓటీపీకి వాళ్లనే అడగాలి. వేసవిలో డాలస్ మధ్యాహ్నం ఒకటిన్నర అంటే అక్కడ అర్ధరాత్రి, లాగిన్ పని డాలస్‌లో రాత్రి తొమ్మిదికి, అంటే అక్కడ ఉదయం ఏడున్నరకి పెట్టుకోండి.