ఒక్క సంతకం కోసం కైస్క్వేర్‌తో కుస్తీ

థీసిస్ సమర్పించే ముందు ‘విశ్లేషణ సరిగానే ఉంది’ అని గణాంక విభాగం నుంచి ధ్రువపత్రం తీసుకురావాలి. మా సంస్థలో అది నిబంధన. ఆ కాగితం నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను. చల్లారితే మర్యాద అడ్డొస్తుంది, అప్పుడు చదివిన వారికి పనికొచ్చేది ఏమీ మిగలదు.

దరఖాస్తు, రుసుము, గైడ్ సంతకం ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. నా అధ్యయనంలో పాల్గొన్న 80 మందిలో ఒక్కరూ మధ్యలో మానేయలేదని రాసిన చోట, మామూలు సూత్రంతో లెక్కిస్తే కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల హద్దులు) ‘0 నుంచి 0 శాతం’ అని వస్తుంది. అంటే ఇక ఎన్నటికీ ఎవరూ మానేయరని అర్థం! అందుకే 1927 నాటి విల్సన్ పద్ధతిలో 0 నుంచి 4.6 శాతం అని ఇచ్చాను. దానికి ఎవరూ మారు మాట్లాడలేదు.

అసలు తంటా మూడో పట్టికతో వచ్చింది.

నా పని ఇది. మందులు వేళకు వేసుకుంటున్నారా అని 80 మందిని శిక్షణకు ముందు అడిగాను, తరువాత మళ్లీ వాళ్లనే అడిగాను. ముందు అవునన్నవారు 36 మంది, తరువాత 48 మంది. ఒకే మనుషుల జవాబులు కాబట్టి, అలాంటి జతలను పోల్చే మెక్‌నెమార్ పరీక్ష చేశాను. గణాంక విభాగం అధికారి కాగితం చూసి నొసలు చిట్లించారు. ఆయన అడిగింది కైస్క్వేర్, అంటే రెండు బృందాల మధ్య తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే పరీక్ష. ఇలాంటి పట్టికలో దాని విలువ 3.84 దాటితేనే తేడా ఉన్నట్టు లెక్క.

“80 మంది, రెండుసార్లు. అంటే 160 జవాబులు. కైస్క్వేర్ వేస్తే 3.61 వస్తోంది, 3.84 దాటలేదు. తేడా లేనట్టే కదమ్మా. మధ్యలో ఈ పరీక్ష ఎందుకు వచ్చింది?”

“రెండుసార్లూ అదే మనుషులు సార్. 160 మంది వేర్వేరు వ్యక్తులు కారు.”

“కావలసిన ఫలితం వచ్చేదాకా పరీక్షలు మార్చడం ఇప్పటి పిల్లలకు అలవాటైంది.”

గది నిండా జూనియర్లు. ఒకరిద్దరు నవ్వారు కూడా. చదువులో ఎన్ని మాటలు పడ్డా పట్టించుకోలేదు గానీ, అంకెలు వండానని అంటే ఒళ్లు మండింది. డేటా సేకరించకముందే ఆమోదం పొందిన ప్రతిపాదనలో ఈ పరీక్ష పేరు రాసి ఉంది. ఆ పేజీ ఆయన ముందున్న ఫైలులోనే ఉంది. తిప్పి చూడమంటే, “ప్రతిపాదనలో ఏదైనా రాస్తారు” అన్నారు. మరుసటి వారం రమ్మన్నారు. వెళితే, ఫారంలో కైస్క్వేర్ గడి మాత్రమే ఉందని చెప్పి మళ్లీ వెనక్కి పంపారు.

కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన కైస్క్వేర్ పరీక్ష మీద నాకు పగ లేదు. వేర్వేరు మనుషులను పోల్చేటప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. కానీ ఒకే వ్యక్తి రెండు జవాబులకూ మధ్య ఉండే బంధాన్ని అది చూడదు. ఆ పని కోసమే క్విన్ మెక్‌నెమార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1947లో ఈ పద్ధతి ఇచ్చాడు. రెండుసార్లూ ఒకే జవాబు చెప్పినవారు మార్పు ఎటు జరిగిందో చెప్పలేరు, వాళ్లను పక్కన పెట్టాలి. నా దగ్గర అలాంటివారు 56 మంది. మిగిలిన 24 మందిలో కాదు నుంచి అవునుకు వచ్చినవారు 18, అవును నుంచి కాదుకు జారినవారు 6. మార్పు ఏదీ లేకపోతే ఈ 24 నాణెం ఎగరేసినట్టు రెండు వైపులా దాదాపు సగం సగం పడాలి. తేడా 12, దాని వర్గం 144, దాన్ని 24తో భాగిస్తే 6. దీన్నీ అదే 3.84తో పోల్చాలి, దాటింది. పి-విలువ, అంటే నిజంగా మార్పు లేకున్నా ఇంత లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనబడే అవకాశం, 0.014. ద్విపద పంపిణీతో, అంటే ఆ నాణెం లెక్కతోనే, కచ్చితంగా లెక్కించినా 0.023.

ఇదంతా చెబితే వినరని తెలిసి, మూడోసారి వెళ్లినప్పుడు తెల్లకాగితం మీద ఆయన పట్టికనే వేశాను. అవును–కాదు వరుసలో ముందు 36–44, తరువాత 48–32. “ఇందులో ఎంతమంది మారారో చెప్పండి సార్” అన్నాను. చెప్పలేరు, ఆ సమాచారం అందులో లేదు. 12 మంది పైకి వచ్చి ఒక్కరూ జారకపోయినా అదే పట్టిక. 44 మంది పైకి వచ్చి 32 మంది జారినా అదే పట్టిక. మొదటి సందర్భంలో మెక్‌నెమార్ విలువ 12, రెండో సందర్భంలో 1.89. రెండింటికీ ఆయన కైస్క్వేర్ మాత్రం అదే 3.61. అంతేకాదు, 1.89 వస్తే నా పరీక్షే నన్ను ఓడించేది. కావలసిన ఫలితం కోసం తెచ్చుకున్నదైతే అలా ఎందుకు చేస్తుంది?

ఆయన కాగితాన్ని చాలాసేపు చూశారు. “వదిలేసి వెళ్లు” అన్నారు. అంతకు మించి ఒక్క మాట రాలేదు. ఆ జూనియర్లు ఈసారి గదిలో లేకపోవడమే నా దురదృష్టం.

నిజంగా నిలదీయదగిన ప్రశ్న ఒకటి ఉంది, అది ఎవరూ అడగలేదు. శిక్షణ పొందని బృందం నా దగ్గర లేదు, కాబట్టి శిక్షణ వల్లనే మారారని ఏ పరీక్షా తేల్చదు. పరిమితుల అధ్యాయంలో ఆ మాట నేనే రాశాను. గడులు నింపేవారికి అధ్యాయాలు చదివే తీరిక ఎక్కడిది?

ఈ దారిలో వెళ్లేవారు ముందూ తరువాతా జవాబులను వ్యక్తి సంఖ్యతో జతచేసి దాచుకోండి. శాతాలు మాత్రమే మిగిలితే జత మళ్లీ దొరకదు. కైస్క్వేర్ పట్టికలో ఏదైనా గడిలో 5 కంటే తక్కువ ఉందని అభ్యంతరం పెడితే, ఆ నియమం ఆశించిన సంఖ్యలకే (తేడా లేకపోతే గడిలో రావలసినవి) గానీ కనబడిన సంఖ్యలకు కాదని వెంటనే చెప్పండి. నా ఐదో పట్టికకు ఆ గొడవ కూడా పెట్టారు, నిమిషంలో తేలిపోయింది.

పి-విలువ ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. నా తేడా 15 శాతం పాయింట్లు, 95 శాతం ఇంటర్వెల్ 3.5 నుంచి 26.5. లాభం చెప్పుకోలేనంత చిన్నదీ కావచ్చు, చాలా పెద్దదీ కావచ్చు. ధ్రువపత్రం ఫారంలో దానికి గడి లేదు. అడుగున చేత్తో రాశాను. సంతకం పెట్టే ముందు ఆ వరుస కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. సంతకం పెట్టారు.