మోడల్ చెప్పింది సరే, ఏ షరతు మీద చెప్పింది?

కరోనా టైంలో టీవీ పెడితే చాలు, ఎవరో ఒకరు గ్రాఫ్ పట్టుకుని ఫలానా తారీకుకి పీక్, ఆ తర్వాత తగ్గుముఖం అని చెప్పేవాళ్ళు, మనం కూడా ఉగాదికి కందాయఫలాలు చూసుకున్నట్టు చూసేవాళ్ళం. సిమ్యులేషన్ మోడల్ (రోగం ఎలా పాకుతుందో లెక్కలు కట్టి చూపించేది) అంటే జోస్యం అనే అభిప్రాయం అక్కడే జనంలో బాగా దిగబడిపోయింది, నా గొడవంతా దాని మీదే.

అసలు ఈ లెక్కల కథలో మన సికింద్రాబాద్‌కీ వాటా ఉంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని స్కూల్లో అందరం చదివాం. ఆ తర్వాత ఆయన ఏం చేశాడో మాత్రం ఎవరూ చెప్పరు. దోమల్ని తగ్గిద్దాం అంటే, ఉన్న దోమలన్నిట్నీ ఎవడు చంపగలడండీ, నాలుగు మిగిలినా మళ్ళీ మొదలే కదా అన్నది అప్పట్లో పెద్ద అభ్యంతరం. రాస్ దానికి లెక్కలతో జవాబు చెప్పాడు, 1908 మారిషస్ రిపోర్టులో మొదలుపెట్టి 1911 పుస్తకంలో ఇంకా సాగదీశాడు: దోమల సంఖ్య ఒక గీత కిందకి దిగితే చాలు, అన్నీ చావక్కర్లేదు, మలేరియా దానంతటదే ఆరిపోతుంది. ఇక్కడ ఏ తారీకుకి ఎన్ని కేసులు అన్న ముచ్చటే లేదు చూడండి. ఇంత పని చేస్తే ఇంత ఫలితం, అంతే. పాలసీకి కావాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు జనాన్ని మూడు గుంపులు చేశారు, ఇంకా రోగం తగలనివాళ్ళు, ఉన్నవాళ్ళు, బయటపడినవాళ్ళు (పోయినవాళ్ళు కూడా ఇందులోనే), దాన్నే ఎస్ఐఆర్ అంటాం. వాళ్ళు సరిచూసుకున్నది 1905-06 బొంబాయి ప్లేగు మరణాలతో. కెర్మాక్‌కి అప్పటికే ల్యాబ్ ప్రమాదంలో రెండు కళ్ళూ పోయాయి, ఆ ఈక్వేషన్లు ఎలా కట్టాడో తల్చుకుంటేనే ఆశ్చర్యం.

ఎస్ఐఆర్ ఎక్సెల్‌లో కూడా వేసుకోవచ్చు, వేస్తే ఒక విషయం తెలిసొస్తుంది. ఒక రోగి సగటున 1.2 మందికి అంటిస్తే చివరికి జనంలో 31 శాతానికి సోకుతుంది, అదే 1.5 అంటే 58 శాతం, 2 అంటే 80. మొదట్లో ఆ అంకె 1.2నా 1.5నా అని ఎవరికీ గట్టిగా తెలీదు, కానీ సోకేవాళ్ళ లెక్క మాత్రం దాదాపు డబులైపోతుంది. అందుకే ఒకే గీత గీసి ఇదే జరుగుతుంది అనేవాళ్ళని నేను నమ్మను.

2020 మార్చి 16న లండన్ ఇంపీరియల్ కాలేజీలో నీల్ ఫెర్గూసన్ టీం ఇచ్చిన రిపోర్టు తెలిసిందే, బ్రిటన్‌లో 5 లక్షల 10 వేల మంది, అమెరికాలో 22 లక్షల మంది చనిపోతారని. ఎవరూ ఏ జాగ్రత్తా తీసుకోకపోతే అని అందులోనే స్పష్టంగా ఉంది. వారం తిరిగేసరికి బ్రిటన్‌లో లాక్‌డౌన్ పెట్టారు, తర్వాత అంతమంది పోలేదు కాబట్టి మోడల్ తప్పు అని కొందరు ఇప్పటికీ వాదిస్తారు, వాళ్ళతో ఏం మాట్లాడతాం.

మన దగ్గర జరిగింది దీనికి రివర్స్. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ వేసిన సూపర్ మోడల్ కమిటీకి ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ విద్యాసాగర్ గారు ఛైర్మన్. 2020 అక్టోబర్‌లో వాళ్ళు చెప్పింది ఏంటంటే, జాగ్రత్తలన్నీ పాటిస్తే 2021 ఫిబ్రవరి చివరికి కరోనా దాదాపు అదుపులోకి వస్తుందని. దేశంలో అప్పటికే 30 శాతం మందికి యాంటీబాడీలు (ఒకసారి సోకిందనడానికి రక్తంలో కనిపించే గుర్తు) వచ్చేశాయని వాళ్ళ అంచనా. జాగ్రత్తలు పాటిస్తే అన్న షరతు హెడ్‌లైన్లలోకి ఎక్కలేదు, ఫిబ్రవరి మాత్రం ఎక్కింది. పైగా ఫిబ్రవరిలో కేసులు నిజంగానే రోజుకి పదివేల చుట్టూ పడిపోయేసరికి ఇంక అయిపోయిందిలే అనుకున్నారంతా, సభలు, పెళ్ళిళ్ళు, కుంభమేళా. అంతకుముందు డిసెంబర్, జనవరిల్లో చేసిన ఐసీఎంఆర్ సీరో సర్వేలో (జనం రక్తం పరీక్షించి చూసే సర్వే) మాత్రం యాంటీబాడీలు కనిపించింది 21 శాతం మందిలోనే. అంటే సోకని జనం మోడల్ అనుకున్నదానికంటే చాలా ఎక్కువే ఉన్నారు. దానికి తోడు డెల్టా అనే, ఇంకా వేగంగా పాకే కొత్త రకం వైరస్. ఏప్రిల్ మూడో వారంలో రోజుకి లక్ష దగ్గర పీక్ వస్తుందని ఆ కమిటీ వాళ్ళ సూత్ర అనే మోడల్ చెప్తే, మే మొదట్లో 4 లక్షలు దాటింది. తమ అంచనా తప్పిందని ఆ టీం తర్వాత బహిరంగంగానే ఒప్పుకుంది, వైరస్ తీరు మారిపోతే మోడల్ పనిచెయ్యదని కూడా చెప్పింది. నాకు వాళ్ళ మీద కోపం లేదు, ఇలా ఒప్పుకునేవాళ్ళు మన దగ్గర తక్కువ.

నా కోపమల్లా ఆ మోడల్ని అడిగిన ప్రశ్న మీద. ఎప్పుడు అయిపోతుంది అని అడిగారు. 30 బదులు 20 శాతానికే యాంటీబాడీలు ఉండి, వైరస్ ఇంకాస్త వేగంగా పాకితే ఏ జిల్లాకి ఎంత ఆక్సిజన్ కావాలి, సిలిండర్లు ఎన్ని వారాల ముందు ఆర్డర్ పెట్టాలి అని ఫిబ్రవరిలో అడిగి ఉండాల్సింది. రెండు అంకెలు మార్చి మళ్ళీ రన్ చెయ్యడానికి ఇలాంటి మోడల్‌కి మామూలు ల్యాప్‌టాప్ చాలు.