రాగోల్ మీద నలుగురం

మన బడి పూర్వవిద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని సంపాదక వర్గం నుంచి ఫోన్ వచ్చింది. డ్రిల్లు మాస్టారి ఈల గురించీ, ఇంటర్వెల్లో గేటు దగ్గర అమ్మే పిడతకింద పప్పు గురించీ మిగతావాళ్ళు ఎలాగూ రాస్తారు. (ఆ ఈల ఎత్తుకెళ్ళి దాచింది ఎవరో ఈ సంచికలోనైనా బయటపడితే బాగుణ్ణు.) నేను రాసేది లాంగ్ బెల్ కొట్టాక జరిగిన భాగవతం. 2005 పదో తరగతి బ్యాచ్‌లో నలుగురం ఒక వీడియో గేమ్ పట్టుకున్నాం, ఇప్పటికీ వదల్లేదు. మిగతా ముగ్గురూ పేర్లు రాయొద్దని షరతు పెట్టారు. కాబట్టి మిల్లువాళ్ళబ్బాయి, పోస్టుమాస్టారబ్బాయి, చెరువులాయన అనే రాస్తాను. ఎవరెవరో మీకెలాగూ తెలుసు.

ఆట పేరు ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్. జపాన్‌లో 2000 డిసెంబరు 21న సెగా కంపెనీ టీవీకి తగిలించి ఆడే తన డ్రీమ్‌కాస్ట్ మెషీన్ మీద దీన్ని విడుదల చేసింది. ముక్కూమొహం తెలియని వాళ్ళతో కలిసి నెట్‌లో ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్ (మనమే ఒక పాత్రగా మారి ఆడేది) అంటే అప్పటిదాకా కంప్యూటర్లున్నవాళ్ళ వ్యవహారం. దాన్ని టీవీ ముందు చాపేసుకుని కూర్చునేవాళ్ళ దగ్గరికి తెచ్చింది ఇదే. సెగా ఛైర్మన్ ఇసావో ఒకావా ఆన్‌లైన్ ఆట కావాల్సిందేనని పట్టుబడితే, యూజీ నాకా నడిపిన సోనిక్ టీమ్ తయారుచేసింది. పాపం, అమెరికాలో అమ్మకానికి వచ్చిన నెలలోనే, 2001 జనవరి 31న, డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తున్నామని సెగా చెప్పేసింది. మెషీన్ పోయింది గానీ ఆట పోలేదు. 2002లో రెండో ఎపిసోడ్‌తో కలిపి నింటెండో కంపెనీ మెషీన్ గేమ్‌క్యూబ్ మీదికి ఎక్కింది. పాలకొల్లు చేరింది ఆ గేమ్‌క్యూబే.

తెచ్చింది మిల్లువాళ్ళ బాబాయి. అమెరికాలో ఆయనా రూమ్మేట్లూ ఆడి ఆడి అరగదీసిన మెషీన్, నాలుగు కంట్రోలర్లతో సహా. అది 110 వోల్టులది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా ప్లగ్గులో దూర్చితే ఢామ్మంటుందని బాబాయి మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇటుకంత బరువు, గంట తిరిగేసరికి చెయ్యి పెట్టలేనంత వేడి. దానికి ఒక టేబుల్ ఫ్యాను, మాకు ఒకటి. 2004 వేసవి. కాలువలు కట్టేశారు, ఈతకి నీళ్ళు లేవు, మిల్లువాళ్ళ మామ్మగారు మధ్యాహ్నం నాలుగింటిదాకా గుమ్మం దాటనివ్వరు. ఆట అంటుకోవడానికి ఇంకేం కావాలి?

పేరులో ఆన్‌లైన్ ఉంది గానీ మా ఊళ్ళో నెట్ అంటే నెట్ సెంటర్‌కి వెళ్ళి గంటకింత అని కట్టి రిజల్ట్స్ చూసుకోవడమే. గేమ్‌క్యూబ్‌లో ఉన్న సదుపాయం ఏమిటంటే నెట్ లేకపోయినా ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు. ఇరవయ్యొక్క అంగుళాల తెర నాలుగు ముక్కలు. ఒక్కొక్కడికి పోస్టుకార్డంత చోటు. అందులో అక్షరాలు చదవాలంటే మోకాళ్ళ మీద పాక్కుంటూ టీవీ దగ్గరికి వెళ్ళాలి, వెనకాల ముగ్గురూ "అడ్డు లెగరా" అని అరవాలి.

కథ పెద్దగా ఏమీ లేదు, ఉన్నది మాత్రం బాగుంటుంది. పయనీర్ 2 అనే ఓడలో జనం కొత్త గ్రహం రాగోల్ చేరుకుంటారు. ముందే వెళ్ళిన పయనీర్ 1 వాళ్ళతో మాట కలిసే సమయానికి కింద పెద్ద పేలుడు, ఆ తర్వాత ఒక్క పలుకు లేదు. అడవి, గుహలు, గనులు, శిథిలాలు. నాలుగు చోట్లు దాటితే మొదటి ఎపిసోడ్ అయిపోతుంది. దారి పొడుగునా రికో అనే అమ్మాయి వదిలిన సందేశాలు దొరుకుతుంటాయి. మనకంటే ముందు ఒంటరిగా ఇదే దారిలో నడిచిన మనిషి. ఒకడు ఒంటరిగా ఆడుతుంటే మిగతా ముగ్గురం చూసేవాళ్ళం. ఇంగ్లీషు రీడర్ గడగడా చదివేది పోస్టుమాస్టారబ్బాయి కాబట్టి ఆ సందేశాలు చదివి అర్థం చెప్పే డ్యూటీ వాడిది. మొదట్లో ఆ అమ్మాయి మాటల్లో హుషారు, పోనుపోను ఏదో తేడా. శిథిలాల్లోకి వచ్చేసరికి వాడు చదవడం ఆపి, "ఇక్కణ్ణించి మీరే చదూకోండెహె" అనేశాడు. చివర్లో డార్క్ ఫాల్జ్ అనే ఆ భూతానికి చిక్కింది ఆమేనని తెలిసిన రోజు మామ్మగారు పెట్టిన పనసతొనలు ఎవరూ ముట్టలేదు. అవధాన్లుగారి పురాణానికి కూడా మేమంత నిశ్శబ్దంగా కూర్చోలేదు.

నాలుగు చోట్లే కదా, ఇరవై ఏళ్ళుగా ఏముందిరా అందులో అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. న్యాయమైన ప్రశ్నే. దెబ్బ కొట్టే పద్ధతి ఒక కారణం. బటన్ మూడుసార్లు నొక్కితే మూడు దెబ్బలు. కానీ గబగబా నొక్కితే పడవు. మొదటి దెబ్బ తగిలి చెయ్యి వెనక్కి వచ్చే ఆ క్షణంలోనే రెండోది నొక్కాలి. ఆ దరువు ఒకసారి వేళ్ళకి పట్టిందా, ఇక పోదు. పరీక్ష హాల్లో బెంచీ మీద కూడా అదే కొట్టుకునేవాళ్ళం. ర్యాపీ అని పసుపుపచ్చ పిట్ట ఒకటి ఉంటుంది. కొడితే చచ్చినట్టు పడిపోయి, మనం అటు తిరగ్గానే లేచి పరుగు లంకించుకుంటుంది. ఇప్పటికీ దాన్ని చూస్తే నవ్వొస్తుంది.

రెండోది ఎర్ర పెట్టె. శత్రువు చచ్చినచోట ఎప్పుడో ఒకసారి ఎర్ర పెట్టె పడుతుంది, అందులో అరుదైన వస్తువు. అది ఎవరు ముందు తీసుకుంటే వాళ్ళది. మా స్నేహం చెడకుండా నిలబడిందంటే ఆశ్చర్యమే. ఏ వస్తువు పడుతుందన్నది సెక్షన్ ఐడీని, అంటే ఆటలో మన పాత్రకి పడే గుర్తుని, బట్టి ఉంటుంది. అవి పది రకాలు. అది ఎక్కణ్ణించి వస్తుందో తెలిశాక మాకు మతి పోయింది. మనం పెట్టుకున్న పేరులోని అక్షరాలకి అంకెలు కట్టి, కూడి, పదితో భాగిస్తే మిగిలినదే! పేరులో ఒక అక్షరం మారిస్తే జాతకం మారుతుంది. మిల్లు బోర్డు మీద న్యూమరాలజీ ప్రకారం అదనంగా రెండు 'ఏ'లు చేర్పించిన నాన్నగారి కొడుకు ఇది విని, "మా నాన్న జపాన్‌లో పుట్టాల్సినోడు" అన్నాడు.

ఇవన్నీ కారణాలే గానీ నాకు తోచిన అసలు కారణం వేరు. ఈ ఆట నలుగురి కంటే ఎక్కువమందిని గదిలోకి రానివ్వదు. నలుగురికి సరిపడా పని మాత్రమే ఇస్తుంది, అదీ బుర్రంతా అక్కర్లేని పని. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే నోరు ఖాళీగా ఉంటుంది. వందలమంది ఒకేసారి ఆడే కొత్త ఆటలు నేనూ చూశాను. ఎంతసేపూ అక్కడికి పరిగెత్తు, ఇది పూర్తిచెయ్యి, ఈ రోజు బహుమతి తీసుకో. పక్కవాణ్ణి కుశలం అడిగే తీరికుండదు.

కంపెనీ తన సర్వర్లని, అంటే నెట్‌లో ఆటని నడిపే కంప్యూటర్లని, ఒక్కొక్కటిగా ఆపేసింది. గేమ్‌క్యూబ్‌వి 2007లో, ఇదే ఆట బ్లూ బర్స్ట్ పేరుతో కంప్యూటర్ మీద వచ్చినదానివి జపాన్‌లో 2010 చివర్లో. అయినా అభిమానులు సొంత ఖర్చుతో సర్వర్లు కట్టి నడిపిస్తూనే ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో ఆ సంగతి కనిపెట్టింది పోస్టుమాస్టారబ్బాయి. అప్పటికి వాడు డాలస్‌లో, మిల్లువాళ్ళబ్బాయి దుబాయ్‌లో, నేను హైదరాబాద్‌లో. ఊరి దగ్గర మిగిలింది చెరువులాయన ఒక్కడే. వనామీ రొయ్యలు. రాత్రిళ్ళు ఎలాగూ మేలుకునే ఉంటాడు, చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే పంట పోతుంది కాబట్టి.

ఎవరి టైము ఏదో లెక్కలు వేసుకోనక్కర్లేదు. ఆటలో 'బీట్' కాలం కనిపిస్తుంది. స్వాచ్ గడియారాల కంపెనీ 1998లో తెచ్చిన పద్ధతి, రోజుకి వెయ్యి బీట్లు, ప్రపంచమంతటికీ ఒకే అంకె. శనివారం 687 బీట్లు దాటగానే ఆటలో మా గది తెరుస్తాం. మనకి రాత్రి తొమ్మిది, డాలస్ వాడికి పొద్దుటి కాఫీ వేళ. మొన్న దుబాయ్ వాడు ఇది వివరిస్తుంటే వాళ్ళ తాతగారు పక్కనుంచి, "మా పంచాంగంలో ఘడియలు లేవటోయ్?" అన్నారట.

చెరువు గట్టు మీది షెడ్డులో లాప్‌టాప్ పెట్టుకుని ఆడతాడు మావాడు. ఒకసారి డార్క్ ఫాల్జ్‌తో పోరు మంచి రసపట్టులో ఉంది. హెడ్‌ఫోన్లలో అప్పటిదాకా వినిపించే ఏరేటర్ల హోరు ఠక్కున ఆగింది. "కరెంటు పోయిందిరా, జనరేటరు ఏసొత్తా" అని ఒక్క మాట. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి వాడి బొమ్మ కత్తి పట్టుకుని నిలబడే ఉంది, మనిషి లేడు. మేం ముగ్గురం వాడి బొమ్మ చుట్టూ చేరి, దెబ్బలు కాచుకుంటూ, మందులు పోస్తూ లాక్కొచ్చాం. మళ్ళీ హోరు మొదలైంది. వగరుస్తూ వచ్చి కూర్చుని వాడు అడిగిన మొదటి ప్రశ్న: "నా మ్యాగ్‌కి మేత పెట్టారా?"

మ్యాగ్ అంటే భుజం వెనకాల తేలుతూ తిరిగే చిన్న యంత్రం. మూడు నాలుగు నిమిషాలకోసారి మేత పెట్టాలి, ఏం పెడితే దాన్నిబట్టి రూపం మారుతుంది. ఒకరి మ్యాగ్‌కి ఇంకొకరు పెట్టడం కుదరదు, అది వాడికీ తెలుసు. మా నలుగురిలో మ్యాగ్ బ్రహ్మాండంగా పెంచింది కూడా వాడే. చెక్ ట్రేల్లో రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసుకుని మేత కొలిచేవాడితో మేమేం పోటీ పడగలం?

బ్యాచ్‌లో ఎవరికైనా సరదా ఉంటే రావచ్చు. అభిమానుల సర్వర్‌లో అకౌంటుకి డబ్బు కట్టనక్కర్లేదు, పాత కంప్యూటర్ అయినా చాలు. గదిలోకి నలుగురే పడతారు కాబట్టి అయిదోవాడు వస్తే రెండో గది తెరుస్తాం. సి సెక్షన్ వాళ్ళు కూడా రావచ్చు. మందులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోవాలి. ఎర్ర పెట్టె పడితే మాత్రం మొహమాటాలు లేవు.