నాన్న ఎస్టీమ్ కారుకి స్టీల్ బ్రేక్ లైన్లు ఎందుకు వేయించలేదంటే

బొడ్డవర దగ్గర ఘాట్ అయిపోయి రోడ్డు చదునయ్యాక, స్టీరింగ్ ఎడమకి లాగుతున్నట్టు అనిపించింది. అరకు నుంచి వస్తున్నాం. వెనక సీట్లో అమ్మ, పక్కన మా ఆవిడ. టైర్లో గాలి దిగిందేమోనని పక్కకి ఆపాను. టైరు బాగానే ఉంది. కానీ ముందు ఎడమ చక్రం దగ్గరికి వంగేసరికి ముఖానికి సెగ కొట్టింది. కాలిన ప్యాడ్ల వాసన. కుడి పక్కకి వెళ్లి చెయ్యి దగ్గర పెట్టి చూస్తే అక్కడ మామూలు వెచ్చదనమే.

అప్పుడు గుర్తొచ్చింది. అనంతగిరి దాటి దిగుతున్నప్పుడు బ్రేకు తొక్కిన ప్రతిసారీ బండి మొదట కుడికి వెంట్రుక వాసి జరిగింది, కాలు తీశాక ఎడమకి లాగింది. రోడ్డు వాలు అనుకుని పట్టించుకోలేదు. నలభై నిమిషాలు చల్లారబెట్టి, సెకండ్ గేర్లోనూ థర్డ్ గేర్లోనూ వైజాగ్ దాకా నెమ్మదిగా తెచ్చుకున్నాను. ఆ ప్రయాణంలో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక "మీ నాన్న ఈ బండిని ఎప్పుడూ ఇలా రానివ్వలేదురా" అంది.

నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో కొన్న 2005 మోడల్ మారుతి ఎస్టీమ్ ఇది. ఆయన పోయాక నా దగ్గరికి వచ్చింది. ఇంజను, క్లచ్, రేడియేటర్ అన్నీ చూసుకుంటూ వచ్చాను. బ్రేకు ప్యాడ్లు రెండుసార్లు మార్చాను. క్యాలిపర్‌కి, అంటే ప్యాడ్లని నొక్కి పట్టే భాగానికి, బ్రేకు ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోసులు మాత్రం బండితో వచ్చినవే. పద్దెనిమిదేళ్లు పైబడినా పని చేశాయంటే వాటి తప్పేమీ లేదు, చూడకపోవడం నాది.

ఆదివారం ఆటోనగర్‌లో మా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. క్యాలిపర్ పిస్టన్ జామ్ అయ్యుంటుంది, కిట్ వేయాలి అనుకుంటూ వెళ్లాను. ఆయన "ముందే ఏదీ విప్పొద్దు సార్, చూద్దాం" అన్నాడు. చక్రం జాకీ మీద లేపి, బ్రేకు గట్టిగా నాలుగుసార్లు తొక్కించి కాలు తీయమన్నాడు. చక్రం చేత్తో తిప్పితే తిరగట్లేదు. హోసు పైన స్టీలు పైపుతో కలిసే చోట నట్టు కొంచెం వదులు చేశాడు. రెండు చుక్కలు పడ్డాయి, చక్రం అలాగే పట్టేసి ఉంది. మళ్లీ బిగించి, కింద క్యాలిపర్ మీద బ్లీడింగ్ నిపుల్‌ని (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మరని) పావు తిప్పు తిప్పాడు. చివ్వున ఆయిల్ చిమ్మింది, చక్రం చేతి వేలితో తిరిగిపోయింది.

ప్రెషర్ హోసులోంచి కిందికి వెళ్లింది కానీ వెనక్కి రాలేదన్నమాట. పిస్టన్‌కి ఏమీ కాలేదు. హోసు కోసి చూశాం. బయట సన్నటి పగుళ్లు తప్ప పెద్ద దెబ్బలేమీ లేవు. లోపలి రబ్బరు మాత్రం ఉబ్బిపోయి, దారి సూదిబెజ్జం అంతే మిగిలింది, ఒక చోట పొర లేచి నాలుకలా వేలాడుతోంది. కాలితో తొక్కే ఒత్తిడికి ఆ నాలుక పక్కకి తప్పుకుని ఆయిల్ ఆలస్యంగా పోతుంది, అందుకే ముందు కుడికి జరగడం. వదిలాక తిరిగి వచ్చే ఆయిల్‌కి తోసే బలం ఉండదు, నాలుక మూసుకుంటుంది, బ్రేకు పట్టుకునే ఉంటుంది. అందుకే తర్వాత ఎడమకి లాగడం.

ఈ సంగతి ఫోన్లో చెప్పగానే మా అక్క కొడుకు "మావయ్యా, ఎలాగూ మారుస్తున్నావు కదా, స్టీల్ బ్రేడెడ్ లైన్లు వేయించెయ్, పెడల్ రాయిలా ఉంటుంది" అన్నాడు. వాడు బెంగళూరులో ఉంటాడు. కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే రేసు ట్రాక్‌కి వాడి పోలో కారు తీసుకుని అప్పుడప్పుడు వెళ్తాడు. వాడి కారుకి ఆ లైన్లే ఉన్నాయి. వాడి మాటని తేలిగ్గా తీసుకోలేదు. వారం రోజులు దీని మీదే కూర్చున్నాను. నా ఉద్యోగం ఓడల మరమ్మతులో, పైపుల పని. హోసులు, ఫ్లేర్లు (జాయింట్ కోసం పైపు చివరని గంటలా విప్పి చేసే అంచులు), ఫిట్టింగులు పాతికేళ్లుగా చేతిలో నలిగినవే.

బ్రేడెడ్ లైను లోపల పీటీఎఫ్ఈ గొట్టం ఉంటుంది, మన నాన్‌స్టిక్ పెనం పూత ఏదో అదే పదార్థం. దాని మీద స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక, పైన ప్లాస్టిక్ తొడుగు. ఉబ్బదు, తేమ పీల్చదు. ట్రాక్ మీద ప్రతి అర నిమిషానికి వంద మీద నుంచి నలభైకి తెచ్చేవాడికి, క్యాలిపర్ ఒళ్లంతా కాలిపోతున్నప్పుడు కూడా పెడల్ ఒకేలా ఉండటం నిజంగా అవసరం. మావాడికి అది అవసరమే, అందులో నాకు అనుమానం లేదు.

రోడ్డు మీద తిరిగే బండి సంగతి వేరు. రబ్బరు హోసు ఎంత ఉబ్బవచ్చో దానికి లెక్కలున్నాయి. అమెరికా బ్రేకు హోసుల ప్రమాణం చూస్తే, సన్నటి హోసు చదరపు సెంటీమీటరుకి సుమారు 70 కిలోల ప్రెషర్ దగ్గర అడుగు పొడవుకి 0.66 మిల్లీలీటర్లు మించి ఉబ్బకూడదు, తక్కువ ఉబ్బే రకమైతే 0.33. అదే ప్రమాణంలో హోసుని మెషీన్ మీద 35 గంటలు ఆపకుండా ఊపుతూ తిప్పే పరీక్ష కూడా ఉంది. మన దగ్గర బ్రేకు హోసులకి ఐఎస్ 7079 అనే ప్రమాణం ఉంది. కొత్త రబ్బరు హోసులో ఉండే ఆ కాస్త ఉబ్బు కాలికి తెలుస్తుందా అంటే తెలుస్తుంది, పెడల్ కొంచెం మెత్తగా ఉంటుంది. కానీ మా ఎస్టీమ్‌లో గట్టిగా తొక్కితే రబ్బరు హోసులతోనే చక్రాలు లాక్ అవుతాయి. లాక్ అయ్యాక ఇంకేం కావాలి? అక్కడి నుంచి బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది టైర్ల చేతిలో ఉంది. ఆ డబ్బు నాలుగు మంచి టైర్ల మీద పెడితే ఆగే దూరం తగ్గుతుంది, లైన్ల మీద పెడితే తగ్గదు.

లైన్లు మార్చగానే బ్రేకులు మారిపోయాయని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పట్లేదు. వాళ్లు తీసేసింది పదేళ్ల పాత హోసుని. లైన్లు వేసేటప్పుడు పాత ఆయిల్ మొత్తం పోయి కొత్తది వచ్చింది, గాలి బయటికి పోయింది. ఆ మార్పులో సగానికి పైగా ఈ రెండింటిదే అని నా అభిప్రాయం. కొత్త రబ్బరు హోసు, కొత్త ఆయిల్ పోయించుకుని ఒకసారి నడిపి చూస్తే నా మాట అర్థమవుతుంది.

వైజాగ్ కాబట్టి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని అందరి నమ్మకం. బీచ్ రోడ్డు వైపు అపార్ట్‌మెంట్ల బాల్కనీ రెయిలింగులు చూడండి, 304 గ్రేడ్ అయితే కొన్నాళ్లకే టీ మరకల్లాంటి చుక్కలు లేస్తాయి. ఉప్పుగాలికి మేం తుప్పుని ఇంకా బాగా తట్టుకునే 316 గ్రేడ్ అడుగుతాం. లైన్ల అల్లికకి ఎక్కువగా వాడేది 304. పైన తొడుగు ఎక్కడైనా చిరిగితే ఉప్పునీరు, ఇసుక లోపలికి దూరి అక్కడే ఉండిపోతాయి. ఇసుక తీగల మధ్య చేరి లోపలి గొట్టాన్ని రుద్దుతుంది. బయటికి మెరుస్తూనే ఉంటుంది, ఏం జరుగుతోందో కంటికి కనబడదు. అల్లిక సస్పెన్షన్‌కి తగిలితే ఆకురాయిలా ఆ ఇనుమునీ అరగదీస్తుంది. రబ్బరు అలా కాదు, ఎక్కువసార్లు ముసలిదయ్యానని పైకి చెబుతుంది: పగుళ్లు, ఉబ్బు, జిగురు. మా హోసు కూడా సన్నటి పగుళ్లతో చెప్పింది, నేనే వినలేదు.

ఇంత ఆలోచించి రబ్బరు హోసులకే ఓటేశాను. రెండూ కలిపి వెయ్యి రూపాయలు దాటలేదు. షాపులో తీసుకునేటప్పుడు మీద ముద్రించిన తయారీ తేదీ చూశాను, ఒకటి ఐదేళ్ల కిందటిది, వెనక్కి ఇచ్చేశాను. షాపతను కొంచెం విసుక్కున్నాడు గానీ లోపలికెళ్లి వేరేది తెచ్చాడు. ఓడల మీద క్రేన్ హోసుకి ట్యాగు, తేదీ లేకపోతే మేం ముట్టుకోం, అమ్మని కూర్చోబెట్టుకుని ఘాట్ దిగే బండికి ఎందుకు ఊరుకోవాలి?

అసలు భయపడింది ఆ తర్వాత. బండి పైకి లేపి ఉంది కదా అని వెనక వైపు పోయే స్టీలు పైపుల్ని టార్చి వేసి చూస్తున్నాను. వెనక సీటు కింద, ప్లాస్టిక్ క్లిప్పు పట్టుకున్న చోట పైపు నల్లగా కాస్త లావుగా కనిపించింది. క్లిప్పు ఊడదీస్తే దాంతోపాటు పెచ్చు ఊడి వచ్చింది. స్క్రూడ్రైవర్ మొనతో గీకితే ఎర్రటి పొడి. ఆ పైపు మొత్తం మందమే 4.75 మిల్లీమీటర్లు, దాని గోడ 0.7. ఆ పెచ్చులో పోయింది ఎంతో నేను లెక్కపెట్టలేదు, లెక్కపెట్టాలనిపించలేదు. ముందు చక్రాలతో నడిచే ఇలాంటి కార్లలో సాధారణంగా బ్రేకు రెండు భాగాలుగా ఐమూలగా ఉంటుంది, ఒక వెనక చక్రం పైపు తెగితే దానికి ఎదురు మూల ముందు చక్రం కూడా పోతుంది. మిగిలిన సగం బ్రేకుతో, పెడల్ కిందికి జారిపోతుంటే, ఘాట్‌లో టైడా మలుపుల్లో ఎవరు ఉండాలనుకుంటారు?

వారమంతా మెరిసే లైన్ల గురించి ఆలోచించాను, బండి కింద ఉప్పుగాలి ఈ పని చేస్తూ ఉంది. సముద్రం పక్కన పదేళ్లు దాటిన బండి ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఇదే: హోసుల గురించి అడిగే ముందు స్టీలు పైపులు క్లిప్పులు తీసి చూడండి. క్లిప్పు కింద చూడాలి, పక్కన కాదు. తడి నిలిచేది అక్కడే.

ఇక్కడ మాత్రం అప్‌గ్రేడ్ చేశాను. వెనక రెండు పైపులూ కుప్రోనికెల్‌వి వేశాను, 90 పాళ్లు రాగి, 10 పాళ్లు నికెల్. ఓడల్లో సముద్రపు నీళ్ల పైపులకి మేం వాడే మిశ్రమమే. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే స్వీడన్‌లో వోల్వో 1970ల నుంచే బ్రేకు పైపులకి దీన్ని వాడింది. బండ్ల కోసమే అమ్మే చుట్ట తెప్పించాను. ఉత్త రాగి పైపు వేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, ఊపుకి గట్టిపడి పగులుతుంది. ఫ్లేర్ నేనే చేశాను. ఈ బండికి కావలసింది డబుల్ ఫ్లేర్, అంటే అంచుని రెండు మడతలు వేసేది. పైపు అడ్డంగా నిటారుగా కోసి, లోపలి అంచు గీసి, నట్టు ముందే ఎక్కించి, డైలో సరిగ్గా అచ్చు అంచు మందం మేరకే బయటికి ఉంచి నొక్కాలి. రెండు చివరలు ఒక పక్కకి వచ్చాయి, కోసేసి మళ్లీ చేశాను. మూడోది గుండ్రంగా, గోరు తగిలించినా గీత తెలియకుండా వచ్చింది. దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూశాను.

ఆయిల్ ఇంటి దగ్గరే మార్చాం. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మూత ద్వారానే కాదు, రబ్బరు హోసు గోడలోంచి కూడా. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ కనీసం 140. డాట్ 4 అయితే 230, 155. మా ఊరి ఉక్కకి రెండేళ్లకి మించి ఉంచకూడదు. ఘాట్‌లో అది మరిగితే పైపులో ఆవిరి బుడగలే, పెడల్ మెత్తగా కిందికి పోతుంది, అప్పుడు ఏ లైను ఉన్నా ఒకటే.

మా ఆవిడ సీట్లో కూర్చుంది. నేను కింద నిపుల్ దగ్గర, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఖాళీ నీళ్ల సీసాలోకి పెట్టుకుని. "తొక్కు" అంటే తొక్కి "తొక్కాను" అనాలి, నేను విప్పుతాను, బిగించాక "వదులు" అంటాను. ఆ మాటలు ఒక్కసారి తారుమారైనా గాలి మళ్లీ లోపలికే. నాలుగు చక్రాలకీ గంటన్నర పట్టింది. మొదట డికాషన్‌లా నల్లగా, తర్వాత టీ రంగులో, చివరికి పలచటి తేనెలా వచ్చింది. ఫెండర్ మీద పడ్డ రెండు చుక్కల్ని వెంటనే నీళ్లతో కడిగేసింది అమ్మ, పెయింటు తినేస్తుందని నాన్న చెప్పిన మాట ఆవిడకి గుర్తుంది. ఆఖరున ఇంజను ఆన్ చేసి, మా ఆవిడ పెడల్ గట్టిగా నిమిషం తొక్కి పట్టుకుంటే, ప్రతి జాయింట్‌నీ టిష్యూ కాగితంతో తుడిచి చూశాను. కాగితం పొడిగా ఉంది. స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి కొత్త హోసులు ఎక్కడా తగలట్లేదని చూశాక చక్రాలు ఎక్కించాను.

మావాడికి ఫోన్ చేసి, కరి వెళ్లే ముందు వాడి లైన్ల తొడుగు బెత్తెడు బెత్తెడు తడిమి చూసుకోమన్నాను. ఎక్కడైనా చిరిగితే టేపు చుట్టొద్దు, మార్చెయ్ అన్నాను. "సరే మావయ్యా" అన్నాడు. ఆ రాత్రే ఫోటోలు పంపాడు, వెనక కుడి దాని మీద చిన్న చిరుగు ఉంది.

పోయిన నెల మళ్లీ అరకు వెళ్లొచ్చాం. దిగేటప్పుడు బొడ్డవర దగ్గర అదే చోట ఆపి, ఎడమ చక్రం దగ్గరా కుడి చక్రం దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. రెండూ ఒకే వెచ్చదనం. అమ్మ అద్దం దించి "ఎలా ఉందిరా?" అంది. "బాగుందమ్మా" అన్నాను. కాల్చిన మొక్కజొన్న పొత్తులు కొనుక్కుని బయలుదేరాం.