పెరట్లో జపాను వంకాయ: కూరకెంత, మందుకెంత

పర్లాకిమిడిలో వంకాయకు ఏనాడూ కరవు లేదు. ఒడియా వారి గుండ్రటి కాయలూ, పాతపట్నం వైపు నుంచి వచ్చే పొడవు కాయలూ సంతలో పక్కపక్కనే రాశులు పోసి ఉంటాయి. ఇదే ఒడిశాలోని నయాగఢ్ కంటెయిముండి వంకాయకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇన్ని ఉండగా జపాను రకం దేనికని మా ఇంట్లోవాళ్లే అడిగారు. తోలు పలుచన, గింజ తక్కువ, సెగ తగిలిన కాసేపటికే కండ వెన్నలా మెత్తబడుతుంది. పళ్లు కదిలిన పెద్దలున్న ఇంటికి అంతకంటే ఏం కావాలి?

సాగు మన వంగ సాగే. నెల దాటిన నారును రెండడుగుల ఎడంలో నాటి, మాగిన గెత్తం దండిగా వేయాలి. తేడా అంతా కొమ్మల కత్తిరింపులో ఉంది. మొదటి పువ్వు కనిపించగానే దాని కిందనున్న రెండు బలమైన పక్క కొమ్మలను మాత్రం ఉంచి, ఇంకా కింద పుట్టే పిలకలన్నిటినీ గిల్లివేసి, ప్రధాన కాండంతో కలిపి మూడు కొమ్మల మీదే మొక్కను నడిపించడం జపాను పద్ధతి. మూడింటికీ వెదురు కర్రలు కట్టకపోతే అక్టోబరు గాలివానలకు మొక్క నిలవదు.

మొక్క ఆకలిని పువ్వే చెబుతుంది. ఊదా రేకుల నడుమ పసుపు కేసరాల గుత్తిని దాటి ఆకుపచ్చని కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే కొన, బయటికి పొడుచుకొని ఉంటే మొక్కకు తిండి సరిపోతోందని అర్థం. అది కేసరాల లోపలే ఉండిపోతే పువ్వు చాలావరకు రాలిపోతుంది. అప్పుడు ఎరువూ నీరూ చూసుకోవాలి. తల్లిదండ్రుల హితవు, వంగ పువ్వు వెయ్యింటిలో ఒక్కటీ వట్టిపోవని జపానులో సామెత ఉంది. రెండు విషయాల్లోనూ అది కొంచెం అతిశయమే.

కాయ, కొమ్మ తొలిచే పురుగు ఇక్కడా వదలదు. తల వాల్చిన కొనను పురుగున్న చోటికి రెండంగుళాల కింద తుంచి కాల్చివేయడం, మగ రెక్కపురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టడం నాకు పురుగుమందుల కంటే మేలనిపించాయి. ఆకులు చిన్నవై గుబురుగా మారే వెర్రితెగులు సోకితే మాత్రం జాలిపడకుండా మొక్కను పీకివేయాలి. వడలు తెగులు ఉన్న నేలలో, ఉస్తికాయ మొక్కను వేరుమూలంగా తీసుకొని దాని మీద వంగను అంటుకట్టడం జపాను రైతులకు వాడుకే. ఉస్తి మెల్లగా ఎదుగుతుంది కనుక దాని విత్తనాన్ని ముందుగా చల్లుకోవాలి.

వంటలో దీనికి తగినది కాల్పు. జపానువారు కాయను నిప్పుల మీద తోలు నల్లబడేదాకా కాల్చి, ఒలిచి, అల్లం తురుము, సోయా సాసుతో తింటారు. మన ఒడియా ఇరుగుపొరుగు బైగొణొ పొడాలో అదే కాయకు ఆవనూనె, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ కలుపుతారు. మా ఇంట్లో పచ్చిపులుసుకూ, ఆవ పెట్టిన కూరకూ వాడతాం. గుత్తి వంకాయకు మాత్రం ఇది పనికిరాదు. నాలుగు పక్షాలుగా చీల్చి కారం కూరితే పలుచని తోలు విడిపోతుంది. వంగ కండ స్పంజిలా నూనె పీలుస్తుంది కనుక వేపుడు తిన్నవారు వంద గ్రాముల పచ్చి కాయలో పాతిక కేలరీలే ఉన్నాయని లెక్క చెప్పుకోవడంలో అర్థం లేదు.

ఇక మందు సంగతి. నిప్పుల మీద కాల్చిన వంకాయ తేలికైనదనీ, ఆకలి పుట్టిస్తుందనీ, కఫాన్నీ కొవ్వునూ తగ్గిస్తుందనీ భావప్రకాశం అనే ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. వింత ఏమిటంటే, వంకాయ ఒంటికి చలువ అని జపానువారు నమ్మితే, మన పెద్దలు వేడి అనీ, దురద పుట్టిస్తుందనీ పథ్యంలో మానిపిస్తారు. జపానులో శరత్కాలపు వంకాయను కోడలికి పెట్టవద్దనే సామెతకు కొందరు ఈ చలువనే కారణంగా చెబుతారు. రుచికరమైన కాయను కోడలికి దక్కనివ్వని అత్త పిసినారితనమే కారణమని మరికొందరంటారు. మన ఇళ్లను చూసినవారికి రెండో మాటే నమ్మబుద్ధవుతుంది.

వంకాయ ముచ్చికలను బొగ్గుచేసి ఉప్పుతో నూరి చిగుళ్లకు రుద్దడం అక్కడి పాత గృహవైద్యం. బొగ్గు పొడి రోజూ రుద్దితే పంటి పింగాణీ అరుగుతుంది కనుక నేను దానిని సిఫారసు చేయను. తోలులోని ఊదా రంగుకు కారణమైన నాసునిన్ అనే పదార్థానికి ప్రయోగశాలలో మంచి గుణాలు కనిపించిన మాట నిజమే అయినా, వంకాయ నానబెట్టిన నీళ్లు తాగి షుగరు మాత్రలు మానేయడానికి అది ఆధారం కాదు. వంగ జాతిలో ఆయుర్వేద వైద్యులు నిజంగా మందుకు ఏరుకున్నవి నేలములక, పెద్దములక; పది మొక్కల వేళ్లు కలిపే దశమూలాల్లో ఆ రెండింటి వేళ్లూ ఉన్నాయి. పెరటి వంగ ఆకులను వాటికి బదులుగా కషాయం కాచుకోకూడదు, వాటిలో విషతుల్యమైన ఆల్కలాయిడ్లు ఉంటాయి. వంకాయ తిన్నప్పుడల్లా నోరు దురదపెట్టేవారు కాయను కూడా మానడమే మంచిది.

సంక్రాంతి వెళ్లాక అలసిన మొక్క కొమ్మలను సగానికి కోసి, చుట్టూ పారతో వేళ్లు తెంపి, గెత్తం వేసి నీరు పెడితే సుమారు నెలలో మళ్లీ పూత పడుతుంది. సంకర రకమైతే దాని కాయల నుంచి విత్తనం తీసి దాచుకోవద్దు. తరువాతి పంటలో కాయలు ఒకే తీరున రావు.